నానీ వాళ్ళ నానీ ఎవరు? అమ్మ వైపు వంశాన్ని డీఎన్ఏలో వెతకడం ఎలా

సంబంధం మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న ‘ఖాందాన్ ఏంది?’ అని. సయ్యదులా, షేకులా, పఠాన్లా, దూదేకులా అని అడుగుతారు. దానికి చెప్పే జవాబు ఎప్పుడూ నాన్న వైపుదే. కొన్ని ఇళ్ళలో షజరా కూడా దాచిపెట్టుకుని ఉంటారు. అందులో ఏడెనిమిది తరాల మగవాళ్ళ పేర్లు వరుసగా ఉంటాయి. ఆ మగవాళ్ళను కన్న తల్లుల పేర్లు మాత్రం చాలావరకు కనబడవు. నానీ పేరు మనకు తెలుసు. నానీ వాళ్ళ అమ్మ పేరు అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు కాసేపు ఆలోచిస్తారు. ఆమె నానీ పేరు అడిగితే ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఉమ్మి ట్యూబులో పోసి పంపితే ‘మీ పూర్వీకులు ఎవరో చెప్తాం’ అనే కంపెనీలు వచ్చాయి. కర్నూలు, కడప కుర్రాళ్ళు, ముఖ్యంగా గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్ళు, వీటి గురించి అడుగుతున్నారు. ఈ పరీక్షల్లో అమ్మ వైపు వంశాన్ని చూపించే భాగం ఎలా పనిచేస్తుంది, మనలాంటి కలగలుపు చరిత్ర ఉన్నవాళ్ళకు అది ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అనేది ఈ వ్యాసంలో చూద్దాం.

అమ్మ నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏ

మన ఒంట్లో డీఎన్ఏ రెండు చోట్ల ఉంటుంది. ఎక్కువ భాగం కణం మధ్యలో ఉండే కేంద్రకంలో ఉంటుంది. అది సగం అమ్మది, సగం నాన్నది. ప్రతి తరంలోనూ పేకముక్కల్లా కలిసిపోతుంది కాబట్టి ఏ ముక్క ఎవరి నుంచి వచ్చిందో పోను పోను చెప్పడం కష్టమవుతుంది.

రెండోది మైటోకాండ్రియాలో ఉంటుంది. కణానికి కావలసిన శక్తిని తయారుచేసేది మైటోకాండ్రియానే. దాని డీఎన్ఏ చాలా చిన్నది. అందులో 16,569 అక్షరాలు, 37 జన్యువులు ఉంటాయి. ఇది అమ్మ నుంచి పిల్లలందరికీ వస్తుంది. కొడుక్కీ వస్తుంది, కూతురికీ వస్తుంది. కానీ తర్వాతి తరానికి అందించేది కూతురు మాత్రమే. కొడుకు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. నాన్న వైపు వరుసకు వై క్రోమోజోమ్ ఎలాగో, అమ్మ వైపు వరుసకు ఇది అలాగ.

ఇది కలవదు కాబట్టి తరాల తరబడి దాదాపు అలాగే ఉంటుంది. ఎప్పుడో వేల ఏళ్ళకు ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు ఆమె కూతుళ్ళకు, మనవరాళ్ళకు వెళ్తుంది. ఈ మార్పులను పట్టుకుని శాస్త్రవేత్తలు ప్రపంచంలోని ఆడవాళ్ళందరి వరుసలనూ ఒక చెట్టులా గీశారు. ఆ చెట్టులోని ఒక్కొక్క కొమ్మను హాప్లోగ్రూప్ అంటారు. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ అనే ముగ్గురు ఈ పద్ధతిలోనే లెక్క వేశారు. ఈ రోజు బతికున్న మనుషులందరి అమ్మ వైపు వరుసలూ ఆఫ్రికాలో సుమారు రెండు లక్షల ఏళ్ళ కింద బతికిన ఒక స్త్రీ దగ్గర కలుస్తాయని వాళ్ళు చెప్పారు. అప్పుడు ఆమె ఒక్కతే ఉందని దీని అర్థం కాదు. మిగతా ఆడవాళ్ళ వరుసలు ఎక్కడో ఒకచోట కూతుళ్ళు లేక ఆగిపోయాయి, అంతే.

ఇంట్లో ఎవరిది ఎవరితో కలుస్తుంది?

చుట్టరికాల్లో చెప్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మీ మైటోకాండ్రియా డీఎన్ఏ మీ నానీది. మీ ఖాలాదీ, మామూదీ అదే. ఖాలా పిల్లలదీ అదే. మామూ పిల్లలది మాత్రం వేరు. వాళ్ళకు మామూ భార్య వైపుది వస్తుంది. మేనమామ కూతురు ఎంత దగ్గరి చుట్టమైనా ఈ వరుసలో ఆమె మీతో కలవదు.

నాన్న వైపు చూస్తే, అబ్బాకూ చచ్చాకూ ఫుప్పూకూ ఉన్నది దాదీది. ఫుప్పూ పిల్లలకూ దాదీదే వస్తుంది. చచ్చా పిల్లలకు రాదు. కాబట్టి దాదీ అమ్మ వైపు ఎవరో తెలుసుకోవాలంటే మీ ఉమ్మి పంపి లాభం లేదు. అబ్బాదో, ఫుప్పూదో, ఫుప్పూ పిల్లలదో పంపాలి. నానా వాళ్ళ అమ్మ వరుస కావాలంటే నానా అక్కచెల్లెళ్ళ పిల్లలను వెతకాలి. పరీక్షకు డబ్బు కట్టకముందే ఈ లెక్క చూసుకోవాలి.

1,024 మందిలో ఒక్కరు

ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు తరాలు వెనక్కి వెళ్తే మనకు నలుగురు పెద్దలు. మూడు తరాలకు ఎనిమిది మంది. పది తరాలకు 1,024 స్థానాలు. మేనరికాలు, చచ్చాల పిల్లల మధ్య పెళ్ళిళ్ళు జరిగిన ఖాందాన్లలో ఒకే మనిషి రెండు మూడు స్థానాల్లో రావచ్చు కాబట్టి అసలు మనుషుల సంఖ్య తగ్గుతుంది. అయినా వందల్లోనే ఉంటుంది. ఆ అందరిలోనూ మైటోకాండ్రియా చూపించేది ఒకే ఒక్క ఆడమనిషిని. నాన్న వైపు వై క్రోమోజోమ్ చూపించేది ఒకే ఒక్క మగమనిషిని. మిగతా పెద్దల గురించి ఈ రెండు పరీక్షలూ ఏమీ చెప్పవు.

తరానికి 25 నుంచి 30 ఏళ్ళు వేసుకుంటే పది తరాలంటే 250, 300 ఏళ్ళు. అంటే మన జిల్లాల్లో నవాబుల కాలం. ‘మేము పఠాన్లం’ అని చెప్పుకునే ఇంట్లో ఆ మాట నిజమే కావచ్చు. కానీ అది ఆ 1,024లో ఒక్క గీత మాత్రమే. షజరా రాసింది ఆ ఒక్క గీతనే.

మన జిల్లాలకు ఎవరెవరు వచ్చారు

కర్నూలు, కడప ఎన్నో రాజ్యాల సరిహద్దుల్లో ఉన్న నేల. 1565 యుద్ధంలో విజయనగరం ఓడిపోయిన తర్వాత బీజాపూర్, గోల్కొండ సుల్తానుల సైన్యాలు ఇటు వచ్చాయి. బీజాపూర్ తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఇప్పటికీ హంద్రీ ఒడ్డున గోల్ గుంబజ్‌గా నిలబడి ఉంది. ఆదోనిని 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ ఏలాడు. ఆయన హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్నవాడు. ఆదోని జామియా మసీదు ఆయన కట్టించిందే. తర్వాత మొఘలులు వచ్చారు. వాళ్ళ వెనక కర్నూలులో పన్నీ పఠాన్ నవాబులు, కడపలో మయానా పఠాన్ నవాబులు నిలదొక్కుకున్నారు. కడప హైదర్ అలీ చేతికి పోయింది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో కంపెనీ గద్దె దించింది.

సైన్యాలతో, ఉద్యోగాలతో దూరం నుంచి వచ్చేవాళ్ళలో సాధారణంగా మగవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఇక్కడే నిఖా చేసుకున్నారు, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. మరోపక్క దూది ఏకేవాళ్ళు, నేసేవాళ్ళు, రకరకాల పనులవాళ్ళు ఉన్న ఊళ్ళోనే ఇస్లాంలోకి వచ్చారు. దూదేకుల కుటుంబాల్లో ఇప్పటికీ తెలుగే ఇంటి భాష, చాలామందికి తెలుగు ఇంటిపేర్లే.

ఈ కలయిక జ్ఞాపకం కడపలో ఇంకో రూపంలోనూ బతికి ఉంది. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్ళే ఆనవాయితీ ఉంది. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరుడు మా అల్లుడు అని అక్కడి వాళ్ళు చెప్పుకునే మాట. దాని మీద ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ రెండు సమాజాల మధ్య చుట్టరికాన్ని ఒక ఆడమనిషి ద్వారా చెప్పుకోవడం గమనించాల్సిన విషయం.

పరిశోధనలు ఏం చెప్పాయి

భారతీయ ముస్లింల డీఎన్ఏ మీద ముఖ్యమైన పరిశోధన ఒకటి 2010లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇందులో ఉన్నారు. దేశంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి ఆరు ముస్లిం సమాజాలను తీసుకున్నారు. 472 మంది మైటోకాండ్రియా డీఎన్ఏను, 431 మంది వై క్రోమోజోమ్‌ను చూశారు. తేలింది ఏమిటంటే, ఎక్కువ సమాజాల్లో జన్యువుల్లో పెద్ద వాటా పక్కనే ఉండే ముస్లిమేతర సమాజాలతో కలిసింది. బయటి నుంచి వచ్చిన వాటా తక్కువే, కానీ ఉంది. ఆఫ్రికాకు చెందిన ఒక అమ్మ వైపు కొమ్మ కూడా కొద్దిమందిలో దొరికింది.

బయటి వాటా ఇరాన్ నుంచా, అరేబియా నుంచా అన్నది మైటోకాండ్రియాతో, వై క్రోమోజోమ్‌తో తేల్చలేకపోయారు. ఆ రెండు చోట్లా మనుషుల కొమ్మలు ఒకేలా ఉంటాయి కాబట్టి. అందుకని పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునేలా చేసే జన్యు మార్పును చూశారు. అరేబియాలో కనబడే మార్పు వేరు, ఇరాన్ వైపు నుంచి మన దాకా కనబడే మార్పు వేరు. మన దేశపు ముస్లింలలో అరేబియా నుంచి చెప్పుకోదగ్గ వాటా రాలేదని దీంతో తేలింది. వచ్చిన కొంచెం ప్రధానంగా ఇరాన్, మధ్య ఆసియా నుంచే. అంటే ఇస్లాం ఇక్కడ ముఖ్యంగా మనసు మార్చుకున్న మనుషుల ద్వారా పెరిగింది, వలస ద్వారా పెరిగింది తక్కువ.

ఇది కర్నూలు, కడప ఇళ్ళ మీద ప్రత్యేకంగా చేసిన పరిశోధన కాదు. అందుకే ఏ ఒక్క ఇంటి గురించీ దీన్ని చూపించి తీర్పు చెప్పకూడదు.

మన చుట్టుపక్కల సమాజాల మీద వచ్చిన పరిశోధనలు కూడా చదవాలి. నల్లమల చెంచులనూ, కోయలనూ 2003లో అధ్యయనం చేశారు. అడవిలో ఉన్న చెంచులకూ, ఊళ్ళో ఉన్న కులాలకూ ఆదిమ కాలం నాటి వారసత్వం చాలావరకు ఒకటేనని అందులో తేలింది. ఆంధ్రప్రదేశ్ హిందూ కులాల మీద 1998లో నేచర్ పత్రికలో ఇంకో వ్యాసం వచ్చింది. కులాల మధ్య గీతలు దాటి వెళ్ళింది ముఖ్యంగా ఆడవాళ్ళేనని, వాళ్ళు పెళ్ళిళ్ళ ద్వారా మెల్లగా పై కులాల్లోకి చేరారని, మగవాళ్ళ వరుసలు అలా కదల్లేదని చెప్పింది. 2011లో సిద్దీల మీద వచ్చిన పరిశోధన ప్రకారం వాళ్ళ వంశంలో ఎక్కువ భాగం ఆఫ్రికాది, కొంత భాగం భారతీయులది.

మనలాంటి కథ వేరే చోట్లా ఉంది. ఇరాన్ నుంచి వచ్చామని చెప్పుకునే పార్సీలను చూడండి. కరాచీ పార్సీల మీద 2004లో వచ్చిన పరిశోధనలో వాళ్ళ అమ్మ వైపు కొమ్మల్లో సుమారు 60 శాతం దక్షిణాసియావేనని తేలింది. నాన్న వైపు వరుసలు మాత్రం ఇరాన్‌తో కలిశాయి. బ్రెజిల్‌లో తెల్లవాళ్ళుగా లెక్కకొచ్చే వాళ్ళను 2000లో పరీక్షించారు. అమ్మ వైపు చూస్తే 33 శాతం అమెరికా ఆదివాసీలది, 28 శాతం ఆఫ్రికాది, 39 శాతం ఐరోపాది. నాన్న వైపు దాదాపు అంతా ఐరోపానే. పేరు ఒక ఖండానిది, అమ్మమ్మలు మూడు ఖండాలవాళ్ళు.

రిపోర్టు వచ్చాక ఎలా చదవాలి

భారతీయుల్లో సుమారు 60 శాతం మంది అమ్మ వైపు వరుస ‘ఎమ్’ అనే పెద్ద కొమ్మలోకి వస్తుంది. ఎమ్2 లాంటి ఉపకొమ్మలు ఈ దేశంలోనే పుట్టి వేల ఏళ్ళుగా ఇక్కడే ఉన్నవి. ‘ఆర్’ కొమ్మలో ఆర్5, ఆర్6 లాంటివి, ‘యు2’లో కొన్ని భాగాలు కూడా మన ఉపఖండానివే. మన జిల్లాల వాళ్ళ రిపోర్టులో ఇవి కనబడితే ఆశ్చర్యపడాల్సింది లేదు. ‘ఎల్’ కనబడితే అది ఆఫ్రికా వైపు దారి. ఆదోని చరిత్ర తెలిసినవాళ్ళకు అదీ వింత కాదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇద్దరిది ఒకే హాప్లోగ్రూప్ అయినంత మాత్రాన వాళ్ళు చుట్టాలని కాదు. వాళ్ళిద్దరికీ కలిసే అమ్మ పది వేల ఏళ్ళ కింద ఉండి ఉండొచ్చు. రెండు, హాప్లోగ్రూప్‌కు మతం లేదు, కులం లేదు, భాష లేదు. ఆ కొమ్మలు ఇస్లాం కన్నా, తెలుగు కన్నా, ఏ కులం కన్నా ఎంతో పాతవి. ‘ముస్లిం డీఎన్ఏ’ అని ఎవరైనా అంటే ఆ మాట తప్పు.

ఏ పరీక్ష కొంటున్నారో కూడా చూసుకోండి. కొన్ని కంపెనీలు మైటోకాండ్రియా వరుసను అసలు ఇవ్వవు, శాతాల లెక్క మాత్రమే ఇస్తాయి. కొన్ని పైపై కొమ్మ పేరు చెప్పి వదిలేస్తాయి. మొత్తం 16,569 అక్షరాలూ చదివే పరీక్ష అయితేనే చిన్న ఉపకొమ్మ దాకా తెలుస్తుంది.

ఈ పరీక్ష తేల్చలేనివి

మీ ఖాందాన్ ఏదో ఇది తేల్చదు. సయ్యద్ అనేది నాన్న వైపు చెప్పుకునేది కాబట్టి మైటోకాండ్రియాకు దానితో సంబంధమే లేదు.

రిజర్వేషన్‌కూ ఇది పనికిరాదు. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ 4 శాతంలో షేకులు ఉన్నారు. సయ్యదులు, పఠాన్లు, మొఘల్‌లు లేరు. దూదేకులవాళ్ళు బీసీ-బిలో ఉన్నారు. కుల ధ్రువపత్రం ఇచ్చేది రెవెన్యూ అధికారులు. స్కూలు రికార్డులు, కుటుంబ పత్రాలు, ఊళ్ళో విచారణ చూసి ఇస్తారు. ల్యాబ్ రిపోర్టు పట్టుకెళ్తే ఉపయోగం లేదు.

పాల సంబంధం కూడా డీఎన్ఏలో కనబడదు. ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు మనకు అన్నాచెల్లెళ్ళు, వాళ్ళ మధ్య నిఖా కుదరదు. ల్యాబ్ వాళ్ళకు వాళ్ళు ఎవరికెవరో. ఎవరు మనవాళ్ళు అనే ప్రశ్నకు రక్తం ఒక్కటే జవాబు కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. జాతులు, తెగలు ఒకరినొకరు గుర్తుపట్టడానికే గానీ ఎక్కువ తక్కువలకు కాదని సూరా హుజురాత్ చెప్పిన సంగతి మనందరికీ తెలుసు. అయినా ఖాందాన్ కుదరలేదని ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతూనే ఉన్నాయి. వందల మంది పెద్దల్లో ఒక్కరిని చూసి ఒక పిల్ల విలువ కట్టడం లెక్క ప్రకారం కూడా తప్పే.

ఆరోగ్యానికి పనికొచ్చే సంగతి

అమ్మ వైపు వరుస తెలుసుకోవడంలో ఒక గట్టి లాభం ఉంది. మైటోకాండ్రియాలో 1555వ స్థానంలో ఒక అక్షరం మారి ఉన్నవాళ్ళకు జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజెక్షన్లు చేస్తే వినికిడి పోయే ప్రమాదం ఉంది. ఇది అమ్మ నుంచి పిల్లలందరికీ వస్తుంది. నానీకో, ఖాలాకో, మామూకో, ఖాలా పిల్లలకో ఇంజెక్షన్ల తర్వాత చెవుడు వచ్చిందని తెలిస్తే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. దానికి పూర్వీకుల కిట్ కొననక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చాలు.

దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళలో భయపడే తలసీమియా లాంటివి అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వచ్చేవి. మైటోకాండ్రియా రిపోర్టు వాటి గురించి ఏమీ చెప్పదు. పెళ్ళికి ముందు దానికి వేరే రక్తపరీక్ష ఉంది, అది చేయించుకోవాలి.

ఉమ్మి పంపే ముందు

డీఎన్ఏ పాస్‌వర్డ్ లాంటిది కాదు, బయటపడితే మార్చుకోలేం. 23అండ్‌మీ కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2025 మార్చిలో అదే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మీరు పంపిన ఉమ్మిలో మీ అక్కచెల్లెళ్ళ, పిల్లల సంగతులు కూడా ఉంటాయి. వాళ్ళకు చెప్పి, ఒప్పించి పంపడం మర్యాద. ఇంకో మాట. శాతాల పరీక్షల్లో ఇంట్లో ఎవరికీ తెలియని చుట్టరికాలు బయటపడొచ్చు. తట్టుకోగలమా అని ముందే ఆలోచించుకోవాలి.

కాగితాల్లో ఉన్న నానీలు

డీఎన్ఏ కొమ్మ చెప్తుంది గానీ పేరు చెప్పదు. పేరు కావాలంటే కాగితాలే దిక్కు. ఆడవాళ్ళ పేర్లు కాగితాల్లోకి రావడమే కష్టం. 1951-52లో దేశపు మొదటి ఎన్నికల ఓటర్ల జాబితాలో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేశారు. ‘ఫలానా వాళ్ళ భార్య, ఫలానా వాళ్ళ కూతురు’ అని రాయించుకున్నారే గానీ సొంత పేరు చెప్పలేదని. అందులో ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళు. కానీ ఆ అలవాటు మనకు కొత్తదేమీ కాదు.

అయినా కొన్ని చోట్ల వెతకొచ్చు. నికాహ్‌నామాలో పెళ్ళికూతురి పేరు, మహర్ తప్పకుండా ఉంటాయి. పాతవి ఖాజీల దగ్గర రిజిస్టర్లలో ఉండొచ్చు. షరియత్ ప్రకారం కూతురికి వాటా ఉంది కాబట్టి పంపకాల దస్తావేజుల్లో, హక్కు వదులుకున్న పత్రాల్లో తల్లుల, అక్కచెల్లెళ్ళ పేర్లు దొరుకుతాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకళ్ళు అడగొచ్చు. మసీదు, దర్గా ఇనాం భూములున్న కుటుంబాలకు 19వ శతాబ్దపు ఇనాం రిజిస్టర్లు పనికొస్తాయి. 1953 దాకా మన జిల్లాలు మద్రాసు కిందే ఉన్నాయి కాబట్టి పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌నూ చూడాలి. ఖబరస్తాన్‌లో కత్బా రాళ్ళు కూడా చదవండి.

అమ్మ వైపు వెతుకులాటలో ఊరు ప్రతి తరానికీ మారుతుంది. అమ్మది ప్రొద్దుటూరు, నానీది ఆళ్ళగడ్డ, ఆమె అమ్మది ఆదోని అయి ఉండొచ్చు. 2022లో నంద్యాల, రాయచోటి వేరే జిల్లాల్లోకి వెళ్ళాయి కాబట్టి ఏ ఆఫీసుకు వెళ్ళాలో ముందే కనుక్కోండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పనికి ఖర్చు లేదు. ఇంట్లో పెద్ద ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ అమ్మ పేరు, నానీ పేరు, పుట్టిల్లు, నిఖా జరిగిన ఊరు, పిల్లల పేర్లు అడిగి రాసుకోండి. షజరా ఉన్నవాళ్ళు ప్రతి మగవాడి పక్కన భార్య పేరు, ఆమె తల్లి పేరు చేర్చండి. ల్యాబ్ పది వేల ఏళ్ళ సంగతి ఎప్పుడైనా చెప్పగలదు. వందేళ్ళ సంగతి చెప్పగలిగేది ఇప్పుడు బతికున్న నానీలు మాత్రమే.